కవర్ పక్కనే 180 చావులు: ఒక షూటర్ ప్రాజెక్టు డైరీ

ఈ లెక్కలన్నీ కౌంటర్-స్ట్రైక్ 2 (రెండు జట్లు తుపాకులతో పోరాడే కంప్యూటర్ ఆట)లో నేను ఆడిన మ్యాచ్‌ల రికార్డింగులు ఒక్కొక్కటే చూసి రాసుకున్నవి. ఇదే పని ఇంకెవరైనా మొదలుపెడితే, నాకు వారాలు పట్టిన చోట వాళ్ళకి రోజులు పడితే చాలు. అందుకని కుదిరినవి క్లుప్తంగా, చెడిపోయినవి వివరంగా రాశాను.

ప్రశ్న ఒక్కటే. గోడ పక్కనే ఉండి కూడా ఎందుకు చస్తున్నాను? గురి కోసం రోజూ బాట్‌ల (కంప్యూటర్ నడిపే పాత్రల) మీద సాధన చేస్తూనే ఉన్నాను, గురి బాగుపడింది, ఈ చావులు మాత్రం తగ్గలేదు.

వాడినవి:
- ఆటలోనే దొరికే డెమో రికార్డింగు. నెమ్మదిగా నడిపించి, ఎదుటివాడి కళ్ళతో కూడా చూడొచ్చు.
- సెకనుకు 60 ఫ్రేములు తీసే స్క్రీన్ రికార్డర్. ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు.
- ఒక స్ప్రెడ్‌షీట్.
- చీట్ కమాండ్లు ఆన్ చేసిన సొంత ప్రాక్టీస్ సర్వర్.
- మా టీమ్‌లో పెద్దవాడు. అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన లేకపోతే దశ 2 లేదు.

దశ 1: చావుల లెక్క (1వ రోజు నుంచి 12వ రోజు)

మొదటి పద్ధతి: చచ్చిన వెంటనే, మళ్ళీ రౌండ్ మొదలయ్యేలోపు, కారణం ఒక్క ముక్కలో రాసుకోవడం. అలా 60 చావులు రాశాను. 23 సార్లు "వాడి గురి బాగుంది", 19 సార్లు "గోడ వెనక్కి వచ్చేశాక చంపాడు, నెట్ సమస్య", 10 సార్లు "ఖాళీలో దొరికిపోయాను", మిగతా 8 చిల్లర కారణాలు.

ఈ పట్టిక మొత్తం చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది. అవే 60 చావులు డెమోలో చూస్తే కథ వేరు. గోడ వెనక్కి వచ్చాక చచ్చానని రాసిన 19లో నిజంగా అలా జరిగినవి 4. మిగతా 15లో నా భుజమో తలో బయటే ఉంది. నా తెరమీద గోడ నిండుగా కనబడుతోంది కాబట్టి లోపలే ఉన్నాననుకున్నాను. కోపంలో రాసిన కారణం లెక్కకు పనికిరాదు. మీరు చేస్తే ఆ రోజు డెమో మర్నాడు చూడండి, అదీ ఎదుటివాడి వైపు నుంచే ముందు చూడండి.

డెమో చూశాక ఏడు రకాలు తేలాయి. పేర్లు నా సౌకర్యానికి పెట్టుకున్నవి:

1. ఖాళీ: దగ్గర్లో కవరే (దాక్కోవడానికి గోడో పెట్టెనో) లేదు. 11
2. రెండు చూపులు: ఒకడి నుంచి దాక్కున్నాను, ఇంకొకడికి పూర్తిగా కనబడ్డాను. 15
3. మళ్ళీ అదే: ఒకసారి తొంగి చూసిన చోటే మళ్ళీ తల పెట్టాను. 12
4. గుండా: తూటా కవర్‌లోంచే దూరి వచ్చింది. 4
5. తరిమేశారు: గ్రెనేడో మంటో వేసి బయటికి రప్పించి చంపారు. 5
6. ఆలస్యం: నిజంగానే గోడ వెనక్కి వచ్చేశాక చచ్చాను. 4
7. సూటి పోరు: ఇద్దరం సమంగా కనబడ్డాం, వాడు ముందు కొట్టాడు. 9

ఇప్పటిదాకా మొత్తం: 82 రౌండ్లు, 60 చావులు. రౌండుకు 0.73.

6వ రకం గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కువమంది గొడవ దాని మీదే. ఎదుటివాడి తెరమీద నేను కొంచెం పాతచోట ఉంటాను. వాడు కాల్చినప్పుడు సర్వర్ కాలాన్ని ఆ మేరకు వెనక్కి తిప్పి, వాడు చూసిన క్షణంలో నేను ఎక్కడున్నానో చూసి తగిలిందో లేదో తేలుస్తుంది. అలా చేయకపోతే కదిలే ఎవరినీ ఎవరూ కొట్టలేరు. కాబట్టి లోపలికి వచ్చేసిన తర్వాత కూడా కొన్ని పదుల మిల్లీసెకన్లు నేను బయట ఉన్నట్టే లెక్క. దీన్ని బాగుచేయడం నా చేతిలో లేదు. బయట ఉండే సమయం తగ్గించుకోవడమే నా చేతిలో ఉంది. అది దశ 3.

దశ 2: గోడకీ నాకూ మధ్య దూరం (13వ రోజు నుంచి 27వ రోజు)

15 "రెండు చూపులు", 9 "సూటి పోరు" చావులు అన్నకి చూపించాను. ఆయన రెండో డెమో ఆపించి అన్న మాట:

"గోడని కరుచుకుని నిలబడ్డావేంట్రా? వాడికి నీ మోచెయ్యి ముందే కనబడిపోతోంది."

"నాకు వాడు అసలు కనబడట్లేదన్నా."

"అదే చెప్తున్నా. నువ్వు మూలకి దగ్గర, వాడు దూరం. దూరంగా ఉన్నవాడే ముందు చూస్తాడు."

నేను నమ్మలేదు. ఇద్దరి కళ్ళ మధ్య గీత ఒక్కటే కదా, నేను వాడిని చూస్తే వాడూ నన్ను చూసినట్టే అనుకున్నాను. కాగితం మీద గీస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. కంటికీ కంటికీ మధ్య గీత ఒక్కటే, నిజమే. కానీ ముందు బయటపడేది కన్ను కాదు, భుజం. ఈ ఆటలో పాత్ర వెడల్పు 32 యూనిట్లు (యూనిట్ అంటే ఆటలో దూరానికి కొలత), కన్ను మధ్యలో ఉంటుంది. అంటే కన్ను కంటే 16 యూనిట్లు ముందుగా భుజం మూల దాటుతుంది. మూలకి దగ్గరున్నవాడికి ఆ 16 యూనిట్లూ పెద్ద కోణం, దూరంగా ఉన్నవాడికి చిన్న కోణం.

ఎదుటివాడు మూలకి అవతల 400 యూనిట్ల దూరంలో కదలకుండా ఉన్నాడనుకుందాం. నేను ఏకే-47 పట్టుకుని పూర్తి వేగంతో, అంటే సెకనుకు 215 యూనిట్లతో, బయటికి వస్తున్నాను. నా భుజం వాడికి కనబడిన ఎంతసేపటికి వాడి భుజం నాకు కనబడుతుంది?

- మూలకి 40 యూనిట్ల దూరంలో ఉంటే: 67 మిల్లీసెకన్ల తర్వాత
- 120 యూనిట్లు: 52
- 200 యూనిట్లు: 37

200 కూడా సున్నా కాదు. ఇద్దరం మూలకి సమదూరంలో ఉంటేనే సున్నా. నేనే ఎక్కువ దూరంలో ఉంటే ఆ లాభం నాకు వస్తుంది.

లెక్క సరే, ఆటలో నిజమా? 17వ రోజు ప్రాక్టీస్ సర్వర్‌లో అన్న ఒకవైపు, నేను ఒకవైపు, ఇద్దరం తెర రికార్డు చేశాం. చేసిన విధం:

1. డస్ట్ 2 మ్యాప్‌లో నిటారుగా ఉండే ఒక రాతి మూల ఎంచుకున్నాం. పెట్టెల మూలలు వద్దు, వాటి అంచులు సరిగా ఉండవు.
2. దూరం కొలవడానికి పాత్ర వెడల్పే కొలబద్ద. 40 యూనిట్లంటే ఒక మనిషి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, 200 అంటే ఆరుగురు పక్కపక్కన నిలబడినంత.
3. అన్న కదలకుండా ఉంటే నేను పదిసార్లు బయటికి వచ్చాను, తర్వాత తారుమారు చేశాం.
4. రెండు రికార్డింగులూ ఒకే తుపాకీ శబ్దం దగ్గర జతచేసి ఫ్రేములు లెక్కపెట్టాం.

రెండు వరుసల్లోనూ, బయటికి వచ్చినవాడి పింగ్ (సమాచారం సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే సమయం) వల్ల కలిసొచ్చే భాగం తీసేస్తే, 40 యూనిట్ల దగ్గర నిలబడ్డవాడికి 4 ఫ్రేముల నష్టం. 200 దగ్గర 2 ఫ్రేములు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ కొలత తప్పు ఉండొచ్చు, అయినా కాగితం మీద లెక్కకీ దీనికీ పొత్తు కుదిరింది.

పింగ్ ఎందుకు తీసేయాలంటే, బయటికి దూకేవాడికి నెట్ వల్ల వచ్చే లాభం ఒకటుంది. ఇద్దరి పింగ్ 50 అనుకుంటే, వాడి కదలిక సర్వర్‌కి చేరడానికి 25 మిల్లీసెకన్లు, సర్వర్ సెకనుకు 64 సార్లు లెక్క చూస్తుంది కాబట్టి 15.6 దాకా, నా దగ్గరికి రావడానికి ఇంకో 25. కదలకుండా మూల కాపలా కాస్తున్న నేను వాడిని 65 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా చూస్తాను. వాడు మాత్రం నన్ను బయటికి రాగానే చూస్తాడు, నేను ఎలాగూ కదలట్లేదు కాబట్టి. అంటే గోడని కరుచుకుని కదలకుండా కాపలా కాయడంలో రెండు నష్టాలూ కలిసి ఒకేసారి వస్తాయి. అప్పటిదాకా నేను చేస్తున్నది సరిగ్గా అదే.

ఇక్కడ పెద్ద తప్పు చేశాను. మర్నాటి నుంచి ప్రతి మూల దగ్గరా వీలైనంత వెనక్కి జరగడం మొదలుపెట్టాను. రెండో విడత 60 చావుల లెక్క ఇదీ:

ఖాళీ 10, రెండు చూపులు 19, మళ్ళీ అదే 9, గుండా 3, తరిమేశారు 7, ఆలస్యం 2, సూటి పోరు 10.

ఈ విడత: 86 రౌండ్లు, 60 చావులు, రౌండుకు 0.70.
ఇప్పటిదాకా మొత్తం: 168 రౌండ్లు, 120 చావులు.

"రెండు చూపులు" 15 నుంచి 19కి పెరిగింది. కారణం డెమోలో కొట్టొచ్చినట్టు కనబడింది. మూల నుంచి వెనక్కి జరిగే కొద్దీ ఆ మూల దగ్గర బలపడుతున్నాను, కానీ నా వెనకా పక్కనా ఉన్న వేరే దారులు తెరుచుకుంటున్నాయి. మిరాజ్ మ్యాప్‌లో 'ఎ' సైట్ (బాంబు పెట్టే రెండు చోట్లలో ఒకటి) దగ్గర ఇది ఘోరంగా జరిగింది. అక్కడికి వచ్చే దారుల్లో ఒకటైన ర్యాంప్ వైపు మూల నుంచి బాగా వెనక్కి జరిగితే, ఇంకో దారి ప్యాలెస్ వైపు నుంచి వచ్చేవాడికి నా పక్క మొత్తం కనబడుతుంది. అలా ఒక్క మ్యాచ్‌లో నాలుగుసార్లు పోయాను.

మార్చినది: వెనక్కి జరగడానికి హద్దు పెట్టుకున్నాను. ఇంకో దారికి నేను కనబడడం మొదలయ్యే చోటికి ఒక్క అడుగు ముందే ఆగాలి. అలా ఆగితే దూరం 80 యూనిట్లే వస్తే 80 యూనిట్లే. ఒక మూల దగ్గర లాభం కోసం రెండో మూలని తెరవకూడదు. ఈ ఒక్క మార్పు వంటబట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది.

దశ 3: బయట ఉండే సమయం (28వ రోజు నుంచి 44వ రోజు)

మనిషి కంటితో చూసి మౌస్ నొక్కడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. వాడి గురి ముందే అక్కడ ఉంటే అంతే సమయం. వాడు గురి జరపాల్సి వస్తే ఇంకొంచెం. కాబట్టి సమాచారం కోసం తొంగి చూస్తున్నప్పుడు నేను బయట ఉండే సమయం దీని దరిదాపుల్లో ఉండాలి.

నా మొదటి కొలత: భుజం బయటపడిన క్షణం నుంచి పూర్తిగా లోపలికి వచ్చేదాకా 41 ఫ్రేములు. అంటే 683 మిల్లీసెకన్లు. ఏకే-47 నిమిషానికి 600 తూటాలు, అంటే 100 మిల్లీసెకన్లకి ఒకటి కాలుస్తుంది. వాడు చూసి స్పందించాక కూడా నాలుగు తూటాలకి సరిపడా సమయం నేనే ఇస్తున్నాను. హెల్మెట్ ఉన్నా ఏకేకి తలమీద ఒక్కటి చాలు.

ఎక్కడ పోతోంది ఆ సమయం? బయటికి రావడం, లోపలికి పోవడం రెండూ సరిగానే ఉన్నాయి. బయటికి వచ్చాక ఆగిపోతున్నాను. చూడటానికి ఆగుతున్నాను. ఆగి చూడాల్సిన అవసరం లేదు, రికార్డయినట్టు కన్ను చూస్తుంది, అర్థం చేసుకోవడం గోడ వెనక్కి వచ్చాక చేసుకోవచ్చు. దీన్ని సాధన చేసిన విధం:

1. ప్రాక్టీస్ సర్వర్‌లో బాట్‌లని ఆపేసి, ఒక మూల అవతల ఎన్ని ఉన్నాయో నాకు తెలియకుండా అన్న పెట్టాడు.
2. ఒక్కసారి తొంగి చూసి, లోపలికి వచ్చాక ఎన్ని, ఎక్కడ అని చెప్పాలి.
3. 20 సార్లు చేసి, తప్పులు, ఫ్రేములు రాయాలి.

మొదటి రోజు 20లో 9 తప్పులు, సగటు 38 ఫ్రేములు. ఆరో రోజుకి 3 తప్పులు, 26 ఫ్రేములు. పదో రోజుకి 22 ఫ్రేములు, అంటే 367 మిల్లీసెకన్లు. ఇంకా తగ్గించాలని చూస్తే తప్పులు మళ్ళీ 7కి వెళ్ళాయి, కాబట్టి 22 దగ్గర వదిలేశాను.

ఇది చూడటానికి మాత్రమే. చంపడానికి బయటికి వస్తే లెక్క వేరు. అప్పుడు ధైర్యంగా వెడల్పుగా రావాలి, ఎందుకంటే మూల అంచునే గురి పెట్టుకుని కూర్చున్నవాడు గురి జరపాల్సి వస్తుంది. వచ్చి ఆగాలి, ఆగడానికి వెళ్తున్న వైపుకి ఎదురు వైపు బటన్ ఒక్కసారి నొక్కాలి. కదులుతూ కాలిస్తే తూటా ఎటో పోతుంది. వేగం గరిష్ఠంలో సుమారు మూడో వంతుకి పడితేనే గురి కుదురుతుంది. నేను చాలాకాలం ఈ రెండు పనుల్నీ కలిపేశాను. భయం భయంగా సగం బయటికి వచ్చి, అక్కడే నిలబడి కాల్చడం. చూడటానికి అది ఎక్కువ సేపు, కొట్టడానికి అది తక్కువ వెడల్పు. రెండింటికీ చెడ్డది.

తర్వాత కూర్చునే అలవాటు. మొదటి తూటా తగలగానే నా వేలు కూర్చునే బటన్ మీద పడుతుంది. నిలబడితే కన్ను 64 యూనిట్ల ఎత్తు, కూర్చుంటే 46. ఆ 18 యూనిట్ల తేడాతో ఛాతీకి పెట్టిన వాడి గురిలోకి నా తల నేనే తెచ్చి పెడుతున్నాను. పైగా కూర్చుంటే నడక మూడో వంతుకి పడిపోతుంది, గోడ రెండడుగుల్లో ఉన్నా చేరలేను. మొదటి రెండు విడతల 120 చావుల్లో 31 కూర్చున్నాక జరిగినవి. రెండు వారాలు ఆ బటన్‌ని కీబోర్డులో దూరంగా మార్చేశాను. మొదటి మూడు రోజులు అవసరమైన చోట కూడా కూర్చోలేక పోయాను, ఆ తర్వాత సర్దుకుంది. ఇప్పుడు పాత చోటికే తెచ్చాను, వేలు తనంతట తాను వెళ్ళడం ఆగిపోయింది.

"మళ్ళీ అదే" గురించి. ముందు పెట్టుకున్న నియమం: ఒకసారి చూసిన చోట మళ్ళీ చూడకూడదు. ఇది అతి అయింది. మంచి మంచి చోట్లు ఊరికే వదిలేసి పోవాల్సి వచ్చింది, వెనక నిలబడ్డ టీమ్ వాళ్ళకి ఇబ్బంది. అన్న మందలించాడు కూడా. "చోటు వదలమని ఎవరు చెప్పార్రా? వాడు ఊహించినట్టు రావద్దన్నాను." సవరించిన నియమం: ఎత్తు, వైపు, సమయం, మూడింట్లో ఒకటైనా మార్చాలి. పెట్టెకి కుడి నుంచి చూస్తే రెండోసారి ఎడమ నుంచి. లేదా అదే వైపు, కానీ వాడు తూటాలు ఖాళీ చేసుకున్నాక. ఏకేలో 30 తూటాలు, ఆపకుండా కాలిస్తే 3 సెకన్లలో అయిపోతాయి, మళ్ళీ నింపుకోవడానికి దాదాపు 2.5 సెకన్లు. శబ్దం వింటూ లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటే ఆ సందు దొరుకుతుంది.

దశ 4: తూటా ఆగేది ఏది, ఆగనిది ఏది (రెండు రోజుల పని)

కనబడకుండా ఉండటం వేరు, తూటా తగలకుండా ఉండటం వేరు. ప్రాక్టీస్ సర్వర్‌లో తూటా గుర్తులు చూపించే కమాండ్ ఆన్ చేసి, గోడకి అవతల బాట్‌ని నిలబెట్టి కాల్చి చూశాను. డస్ట్ 2 మధ్యలో చెక్క తలుపులు, బి సైట్ తలుపులు కవర్ కానే కావు, తూటా దూరిపోతుంది, దెబ్బ తగ్గుతుంది అంతే. మందపాటి రాతి గోడ ఆపుతుంది. పెట్టెల విషయంలో ఏ మూలన నిలబడ్డామన్నది ముఖ్యం. అంచు దగ్గర చెక్క మందం తక్కువ, తూటా వాలుగా వస్తే ఇంకా తక్కువ దాటాలి. పెట్టె మధ్యలో నిలబడితే బతికాను, అంచున నిలబడితే పోయాను. పిస్తోలు కంటే రైఫిల్, రైఫిల్ కంటే ఏడబ్ల్యూపీ (దూరం నుంచి కాల్చే స్నైపర్ తుపాకీ) ఎక్కువ దూరుతాయి.

స్మోక్ గ్రెనేడ్ పొగ దాదాపు 20 సెకన్లు ఉంటుంది. అది చూపు ఆపుతుంది, తూటాని ఆపదు. ఈ ఆటలో పొగలోకి పేలుడు గ్రెనేడ్ వేస్తే కాసేపు పొగ చీలి దారి కనబడుతుంది కూడా. పొగ వెనక కదలకుండా నిలబడటం మానేశాను. పొగ దాటి చేరాల్సిన రాయో గోడో ముందే చూసుకుని, పొగని ఆ దారి కోసం మాత్రమే వాడుతున్నాను.

దశ 5: తరిమేసినప్పుడు (45వ రోజు నుంచి 50వ రోజు)

మోలొటోవ్ (విసిరితే నేలమీద మంట లేపే సీసా) మంట 7 సెకన్లు. మూలలో దాక్కుంటే ఆ మూలలోనే వేస్తారు. రెండో విడతలో ఈ రకం 7కి పెరగడానికి కారణం, లోతైన మూలల్లోకి జరగడమే.

నియమం 1: ఒక చోట నిలబడే ముందు, ఇక్కడ మంట పడితే ఎటు పోతానని చూసుకోవడం. జవాబు లేకపోతే ఆ చోటు వద్దు.
నియమం 2: ఒక స్మోక్ దాచుకోవడం. పొగ పడితే మంట ఆరిపోతుంది.

నియమం 2 ఎక్కువసార్లు పని చేయలేదు. మంట పడ్డాక స్మోక్ చేతిలోకి తీసి విసిరేలోపు ప్రాణం సగం పోతోంది. చేతిలో తుపాకీ లేని ఆ క్షణానికే ఎదుటివాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు స్మోక్‌ని నమ్ముకోవడం లేదు, దారినే నమ్ముకుంటున్నాను.

దశ 6: వేరే ఆటల్లో ఇదంతా పనికొస్తుందా

మూడు రోజులు పబ్‌జీ ఆడి చూశాను. తల వెనకాల కెమెరా ఉండే పద్ధతిలో దశ 2 లెక్క తలకిందులవుతుంది. గోడ వెనక ఉన్నవాడు తాను కనబడకుండానే అవతల చూడగలడు, దూకేవాడే గుడ్డిగా వస్తాడు. అక్కడ ఆగి కాచుకోవడానికే బలం. కెమెరా కుడి భుజం మీదుగా ఉంటే చెట్టుకి కుడివైపు నుంచి వస్తే శరీరం తక్కువ బయటపడుతుంది, ఎడమ నుంచి వస్తే ఎక్కువ. అదే ఆటలో మొదటి వ్యక్తి చూపు పద్ధతికి మారగానే నా పాత లెక్కలన్నీ తిరిగి పనిచేశాయి.

ఇంకో తేడా, తూటా ఎక్కడి నుంచి బయల్దేరుతుంది? కౌంటర్-స్ట్రైక్‌లో కంటి నుంచి. తుపాకీ గొట్టం నుంచి బయల్దేరే ఆటల్లో స్కోపులో దారి ఖాళీగా కనబడినా తూటా ముందున్న తక్కువ గోడకే తగులుతుంది. కొత్త ఆట మొదలుపెడితే మొట్టమొదట చేయాల్సిన పరీక్ష ఇదే. నడుమెత్తు గోడ వెనక నిలబడి, అంచు మీదుగా కాల్చి, గుర్తు ఎక్కడ పడిందో చూడండి. రెయిన్‌బో సిక్స్ సీజ్ లాంటి వాటిలో గోడలే పగులుతాయి, దశ 4ని రౌండు మధ్యలో మళ్ళీ మళ్ళీ చేసుకోవాలి.

2006లో వచ్చిన గేర్స్ ఆఫ్ వార్‌లో బటన్ నొక్కితే పాత్ర గోడకి అంటుకుంటుంది. అంతకంటే ముందు, 1995లో టైమ్ క్రైసిస్ అనే ఆర్కేడ్ ఆటలో కాలికింద పెడల్ ఉండేది. తొక్కితే బయటికి వస్తారు, వదిలితే దాక్కుంటారు, అప్పుడే తూటాలు నిండుతాయి. బయటికి రావడం అనేది ప్రతిసారీ తీసుకోవాల్సిన నిర్ణయం అని ఆ పెడల్ శరీరానికే నేర్పేది. నా ఆటలో అలాంటి పెడల్ లేదు. నడుస్తూ నడుస్తూ తెలియకుండానే బయట ఉంటాను. ఫ్రేములు లెక్కపెట్టాక ఈ తేడా బాగా అర్థమైంది.

దశ 7: మూడో విడత (51వ రోజు నుంచి 60వ రోజు)

ఖాళీ 9, రెండు చూపులు 14, మళ్ళీ అదే 4, గుండా 2, తరిమేశారు 6, ఆలస్యం 3, సూటి పోరు 22.

ఈ విడత: 97 రౌండ్లు, 60 చావులు, రౌండుకు 0.62.

ఇప్పటిదాకా మొత్తం: 265 రౌండ్లు, 180 చావులు. రకాల వారీగా: ఖాళీ 30, రెండు చూపులు 48, మళ్ళీ అదే 25, గుండా 9, తరిమేశారు 18, ఆలస్యం 9, సూటి పోరు 41.

60 చావులు చిన్న లెక్క. ఎదుటివాళ్ళ స్థాయి మ్యాచ్ మ్యాచ్‌కీ మారుతుంది. 0.73 నుంచి 0.62 అనే తేడాని నేను పెద్దగా నమ్మను. నమ్మేది రకాల్లో వచ్చిన మార్పుని. "మళ్ళీ అదే" 12 నుంచి 4కి పడింది, ఎందుకు పడిందో డెమోలో కనబడుతోంది. "సూటి పోరు" 9 నుంచి 22కి పెరగడం నాకు సంతోషం. ఆ 22 సార్లూ నేను తప్పు చోట లేను, ఎదుటివాడు నాకంటే బాగా కాల్చాడు. గురి సాధన ఇప్పుడు అక్కరకొస్తుంది. ఇంతకుముందు ఎంత సాధన చేసినా ఫలితం కనబడకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

కదలనిది "రెండు చూపులు". 15, 19, 14. దూరం మార్చాను, సమయం తగ్గించాను, ఇది మాత్రం తగ్గలేదు. ఆ 14 డెమోలూ మళ్ళీ చూశాను. 11 సార్లు రెండో చూపు వచ్చిన వైపు మా వాళ్ళెవరో కాస్తున్న దారే. వాళ్ళు వదిలేసి వెళ్ళారు, నాకు తెలియలేదు, లేదా చెప్పారు, నేను వినలేదు. ఒక మనిషికి ఒక కవర్ ఒక వైపే మూస్తుంది, రెండో వైపు మూసేది పక్కవాడు. అది నా ఒక్కడి సాధనతో వచ్చేది కాదు.

61వ రోజు

అన్నతో జంటగా 12 రౌండ్ల పరీక్ష మొదలుపెట్టాం. పద్ధతి: ఇద్దరం ఒకరి వీపు ఒకరు కాస్తాం. కదిలే ముందు "వదులుతున్నా" అని చెప్పాలి, రెండోవాడు "సరే" అనేదాకా కదలకూడదు.

12 రౌండ్లలో "రెండు చూపులు" చావులు 2. కానీ 3 రౌండ్లలో "సరే" కోసం ఎదురుచూస్తూ బాంబు సైట్ చేరడం ఆలస్యమై ఓడిపోయాం. ఒకసారి ఇద్దరం ఒకేసారి "వదులుతున్నా" అన్నాం, ఇద్దరం ఆగిపోయాం.

రేపటికి మార్పు: జవాబు అక్కర్లేదు. చెప్పి, ఒక సెకను ఆగి, కదలడమే. ఇద్దరూ ఒకేసారి చెబితే అన్న ముందు వెళ్తాడు. ఇంకో 12 రౌండ్లు ఇలాగే ఆడి, అంకెలు ఇదే పట్టికలో రాస్తాను.